ముందే తెగిన సీలు

లాప్‌టాప్ అడుగున ఏడో మర కూడా ఊడి వచ్చింది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, తెల్ల కాగితం మీద తాను గీసుకున్న బొమ్మలో ఏడో గుండ్రం లోపల పెట్టి, ఇంక మూడే, అనుకుంటూ ఎనిమిదో మర వైపు చూసింది ఆమె. చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. ఆ మర మీద గోరంత వెండిరంగు సీలు. దీన్ని తొలగిస్తే వారంటీ వర్తించదు అని దాని మీద చీమ తలకాయలంత అక్షరాలు. ఆ సీలును ఎలా తీయాలి, తీస్తే ఏమవుతుంది, తీయకుండా పని అవుతుందా అని వారం రోజులుగా మథనపడుతోంది. తీరా చూస్తే అది ముందే తెగి ఉంది. మర అంచు వెంబడే గుండ్రంగా, శుభ్రంగా, చెయ్యి తిరిగినవాళ్లెవరో కోసినట్టు. మధ్య ముక్క లోపలికి కుంగిపోయి, దాని మీద మర తలలోని నక్షత్రం ఆకారం అచ్చు పడి ఉంది. అంటే ఈ లాప్‌టాప్‌ను ఇంతకుముందే ఎవరో విప్పారు. ఇంట్లో ఉండేది ఇద్దరు. ఆయనకు పాటలు పెట్టుకోవడం తప్ప దీనితో పని లేదు. ఇక మిగిలింది తను. నేనే విప్పానా, అనుకుంది. విప్పి మర్చిపోయానా. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది, తనది కానట్టు.

ఇలా జరగకూడదు. ఈ పని పెట్టుకున్నదే అలాంటి మాట మనసులోకి రాకుండా చేసుకోవడానికి. ఆదివారం మధ్యాహ్నం. ఆయన పంపుహౌస్‌లో పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఇల్లు చేరేసరికి మూడవుతుంది. ఈలోగా పాత డ్రైవ్ తీసి కొత్తది పెట్టి, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు లాప్‌టాప్‌ను దాని చోట్లో పెట్టేయాలి. చోటు నిండిపోయి ఆరు నెలలైంది, ఒక్క ఫొటో తెరవమంటే ఈలోగా టీ కాచుకుని తాగి రావచ్చు. కంప్యూటర్ షాపు నడిపే ఆమె కొత్త డ్రైవ్ అమ్మి, పాతదానిలో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎలా దింపుకోవాలో చెప్పి, నిన్న అది పూర్తయిందని తను ఫోన్‌లో చెబితే మెచ్చుకుంది కూడా. "వారంటీ ఇంకా మూడు వారాలే ఉంది కదా మేడమ్, అదయ్యాక విప్పుకోండి, ఏ గొడవా ఉండదు," అని కూడా అంది. ఆయనా అదే అన్నాడు, కాని అన్న తీరు వేరు. మొన్న భోజనాల దగ్గర కదిపితే ముఖం పాలిపోయింది. "మూడు వారాలు ఆగు. లేకపోతే నేనే తీసుకెళ్లి వేయించుకొస్తాను. నువ్వు మాత్రం విప్పకు," అన్నాడు. నువ్వు మాత్రం. ఆ రెండు మాటలూ ముళ్లలా దిగాయి. పది మరలు విప్పి బిగించే పాటి బుర్ర కూడా నీకు మిగల్లేదు అన్నట్టు వినిపించాయి. అందుకే ఇవాళ. అందుకే కాగితం మీద బొమ్మ, పది గుండ్రాలు, పది అంకెలు. పదీ వరసగా విప్పి పదీ వరసగా బిగిస్తే ఆయనకు చెప్పాలని కాదు, ఎవరికీ చెప్పాలని కాదు, తనకు తాను చెప్పుకోవాలని. ఇంకా పనికొస్తున్నావు, అని.

ఎప్పుడు విప్పి ఉంటాను, అని వెతుక్కుంది. చీకటి గదిలో గోడ తడుముకుంటూ స్విచ్చు వెతికినట్టు వెతుక్కుంది. జ్వరానికి ముందా, తర్వాతా. జ్వరానికి ముందు సంగతులంటే ఇప్పుడు దేన్నీ నమ్మడానికి లేదు. పద్నాలుగు నెలల కిందట, కాలేజీలో తరగతి మధ్యలో, నల్లబల్ల మీద గడ్డి కంకి బొమ్మ గీస్తూ గీస్తూ సుద్దముక్క కింద పడేసింది, వంగింది, మళ్లీ లేచిన గుర్తు లేదు. మెదడువాపు అన్నారు. ఐదు వారాలు ఆస్పత్రి, అందులో రెండు వారాలు ఈ లోకంలోనే లేదు. తర్వాత ఆరు వారాలు అక్క ఇంట్లో. కళ్లకు శ్రమ వద్దు, చదవడం వద్దు, తెర చూడటం అసలే వద్దు. "బతికి బయటపడ్డారు, అదే గొప్ప," అన్నాడు డాక్టర్. చివరి రోజున, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, ఇంకొంచెం గొంతు తగ్గించి, "ఇది లోపల ఎప్పుడు మొదలైందో మనం చెప్పలేమమ్మా. ఒక్కోసారి పైకి తెలియకుండా చాలా కాలం ఉంటుంది. అంకెలు తారుమారవడం, లేని వాసనలు రావడం, చెయ్యని పని చేసినట్టు అనిపించడం, ఇలాంటివి ఏమైనా కనిపిస్తే కంగారు పడకండి, రాసిపెట్టుకోండి," అన్నాడు. రాసిపెట్టుకుంది. అన్నీ కనిపించాయి. ఒక్కటీ తప్పలేదు.

ఫోన్ తీసింది. లాప్‌టాప్ అడుగున అంటించిన కంపెనీ సర్వీసు నంబరు నొక్కుతుంటే రెండుసార్లు తప్పు పడింది, మూడోసారి ఒక్కో అంకెనూ పైకి చదువుకుంటూ నొక్కింది. సంగీతం వినిపించింది. మీ కాల్ మాకు ముఖ్యం, కాసేపు ఆగండి, మళ్లీ సంగీతం. ఏమని అడగాలి. బాబూ, దీన్ని నేను ఎప్పుడు విప్పానో మీ దగ్గర రాసి ఉందా, అనా. పిచ్చిదనుకుంటాడు. అనుకుంటే అనుకోనీ, అసలు అదే అయి ఉండవచ్చు. కిటికీ అవతల ఎదురింటి మేడ మీద ఎవరో దుప్పట్లు దులుపుతున్నారు. దుమ్ము ఎండలో ఒక్క క్షణం నిలబడి కరిగిపోతోంది. ఏడేడులు నలభై తొమ్మిది, ఏడెనిమిదులు యాభై ఆరు, అనుకుంది. రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఎక్కాలు చెప్పుకుంటుంది. మొదటి సంవత్సరం పిల్లల పేర్లు హాజరు పట్టీ వరసలో చెప్పుకుంటుంది. కాలేజీలో పిల్లలు తనను గడ్డి మేడమ్ అంటారు. ఆ సంగతి తనకు తెలియదనుకుంటారు. ఇరవై ఏళ్లు గడ్డి వెంట తిరిగిన మనిషిని ఇంకేమంటారు. అందరూ తొక్కుకుంటూ పోయేదాన్ని మోకాళ్ల మీద కూర్చుని కొలిచింది. చెరువుగట్లు, రైలు పట్టాల పక్కన, పాడుబడిన ఆటస్థలాలు, ఆస్పత్రి వెనక గోడ. మూడు వందల పైచిలుకు జాతులు. వాటి పుస్తకం.

"చెప్పండి మేడమ్," అంది అవతలి గొంతు. కుర్రతనం పోని గొంతు, మర్యాదగా, నిద్రమత్తుతో ఉన్నట్టుంది. ఆమె కుదురుగానే అడిగింది. డ్రైవ్ నేనే మార్చుకుంటే వారంటీ పోతుందా, సీలు తెగి ఉంటే ఏమవుతుంది, అని. "డ్రైవ్ మార్చుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ పోదు మేడమ్. మీరు పెట్టిన డ్రైవ్‌కు మాత్రం మాది పూచీ కాదు. విప్పేటప్పుడు లోపల ఏదైనా విరిగితే అదీ మాది కాదు. సీలు ఎలా తెగింది మేడమ్?" అన్నాడు. "తెలియదు," అంది. ఆ మాట అనడానికి సిగ్గేసింది. "సీరియల్ నంబరు చెప్తారా." చెప్పింది. కీబోర్డు టకటకలు వినిపించాయి. "మేడమ్, సీలు మావాళ్లే కోశారు. డ్రైవ్ పాడైతే మార్చాం కదా. కొత్త సీలు వెయ్యాల్సింది, వెయ్యలేదు, అది మా తప్పే. రికార్డులో అంతా ఉంది, మీరేం కంగారు పడకండి." ఎప్పుడు, అని అడిగింది. తేదీ చెప్పాడు. మళ్లీ చెప్పమంది, మళ్లీ చెప్పాడు. ఎవరు తెచ్చారు, అని అడిగింది. సంతకం ఉందన్నాడు. ఇంటిపేరు చదివాడు. తమ ఇంటిపేరే. "మరి పాతది?" అంది. "వారంటీలో మారిస్తే పాడైన భాగం మేమే ఉంచుకుంటాం మేడమ్, పైకి పంపేస్తాం. అందులో ఉన్న సమాచారానికి పూచీ లేదని సంతకం తీసుకున్నాం. ఒక్క ఫైలు కూడా రాలేదు, పూర్తిగా పోయింది అని టెక్నీషియన్ రాశాడు. ఇంకేమైనా సాయం కావాలా మేడమ్?" ఏమీ వద్దంది. థాంక్స్ కూడా చెప్పింది. ఫోన్ పెట్టేశాక, చెప్పినట్టు గుర్తొచ్చింది.

ఆ తేదీన తను ఆస్పత్రిలో ఉంది. ఉందనడం కూడా సరికాదు, లేదు. ముక్కులో గొట్టం, చేతికి గొట్టం, పక్కన అక్క కుర్చీలో కూర్చుని నిద్రపోతూ. అయితే నేను విప్పలేదు, అన్న మాట ముందు వచ్చింది. గుండెల మీంచి ఒక రాయి పక్కకు దొర్లింది, దొర్లిన చోటే ఇంకోటి వచ్చి పడింది. ఒక్క ఫైలు కూడా రాలేదు. పూర్తిగా పోయింది. మరి ఇందులో ఉన్నదేమిటి. అక్క ఇంటి నుంచి తిరిగొచ్చిన రోజు ఆయన దీన్ని బల్ల మీద పెట్టి, దగ్గరుండి స్విచ్చు వేశాడు. తెర మీద అదే చెరువుగట్టు ఫొటో, అవే పసుపు ఫోల్డర్లు, అవే పేర్లు, ఒకటో అధ్యాయం మొదలు తొమ్మిదో అధ్యాయం దాకా. అన్నీ ఉన్నాయి, అంది తను, నవ్వింది కూడా. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, చేతులు పంచెకు తుడుచుకుని వంటగదిలోకి వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడో, ఫైళ్ల మీద తేదీలన్నీ ఆ జ్వరం నెలల్లోనే ఉన్నాయేమిటి అని అడిగితే, "అప్‌డేట్ అయితే అలా మారతాయట, మా పంపుహౌస్‌లోనూ అంతే," అన్నాడు. పంపుహౌస్‌లో ఉన్నది రెండు మోటార్లు, ఒక రిజిస్టరు. అక్కడ ఏం అప్‌డేట్ అవుతుంది. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. ఫొటోలంటే కెమెరా కార్డుల్లో ఉంటాయి, సొరుగులో డబ్బాలో వరసగా పెట్టి ఉంటాయి, వాటి నుంచి మళ్లీ దింపవచ్చు. కాని పుస్తకం. రెండు వందల పన్నెండు పేజీలు. పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించనని పంతం పట్టి, ఎవరికీ పంపక, ఒక కాపీ తీసిపెట్టుకోవాలి, తీసిపెట్టుకోవాలి అనుకుంటూ ఏళ్లు గడిపేసిన పుస్తకం. అది ఎక్కడి నుంచి వచ్చింది.

లేచింది. బీరువా తెరిచింది. కింది అరలో ఆకుపచ్చ అట్టల నోటు పుస్తకాలు, పదకొండు. పొలాల్లో, గట్ల మీద కూర్చుని కొలిచి కొలిచి రాసుకున్నవి. పుస్తకం చిత్తు ప్రతి కూడా వాటిలోనే. మూడోది తీసి తెరిచి ముఖం దగ్గర పెట్టుకుంది. వాసన. గ్రీజు వాసన, ఇనుము వాసన, చాలా సన్నగా. మొదటిసారి ఈ వాసన తగిలిన రోజు డాక్టర్ చెప్పిన లేని వాసనలు గుర్తొచ్చి, తలుపు వేసుకుని ఏడ్చింది. రాసిపెట్టుకుంది కూడా, ఫలానా తేదీ, నోటు పుస్తకాలు యంత్రం నూనె వాసన వస్తున్నాయి, అని. వాసన ఉంది. అది నోటు పుస్తకానికి ఉంది, తన ముక్కులో లేదు. ఇరవై రెండో పేజీ అంచున నల్లటి వేలిముద్ర, సగం తుడిచినది. ఆ వేలు ఆమెకు తెలుసు. చూపుడువేలు గోరు పక్కన చిన్న నొక్కు, కవాటం బిగిస్తూ నలగ్గొట్టుకున్నది. ఆయన చూసి టైపు కొట్టాడు. ఈ పదకొండూ పంపుహౌస్‌కు మోసుకెళ్లి, మోటార్ల హోరు పక్కన, గంటకోసారి లేచి రీడింగు రాసి వచ్చి కూర్చుని, ఒక్క వేలితో, అక్షరం తర్వాత అక్షరం వెతుక్కుంటూ, రెండు వందల పన్నెండు పేజీలు. ఇంటి కరెంటు బిల్లు మీద ఫిర్యాదు రాయాల్సి వస్తే నువ్వే రాయి అని ఆమె ముందు కాగితం పెట్టే మనిషి. చదువు మధ్యలో వదిలేసి పనిలో చేరిన మనిషి. లాటిన్ పేర్లతో సహా.

అప్పుడు ఆమె చూపు ఆ పేజీలోని ఒక అంకె మీద పడింది. అక్కడే ఆగింది. కంకి పొడవు పదిహేడు సెంటీమీటర్లు. తన ఏడు. పొలంలో గాలికి కాగితం ఎగురుతుంటే తొందరతొందరగా గీసిన ఏడు, పైన చిన్న వంపు, కిందికి ఒక్క గీత. ఏడు అని తెలిసినవాళ్లకు ఏడు. తెలియనివాళ్లకు ఒకటి. ఆయన ఏడు వేరు. పంపుహౌస్ రిజిస్టరులో పొరపాటు రాకూడదని నడుము మీద అడ్డగీత పెట్టి రాస్తాడు, పాలవాడి కాగితం మీద కూడా అలాగే రాస్తాడు. అడ్డగీత లేని ఏడును ఆయన కళ్లు ఒకటిగానే చదువుతాయి. ఆమె కుర్చీలో కూర్చోబోయి కింద కూర్చుంది. ఇంటికొచ్చిన రెండో నెలలో, పంతం వదిలి పుస్తకాన్ని మొదటిసారి తన దగ్గర చదివిన శిష్యురాలికి చూపిస్తే, ఆ పిల్ల మూడో అధ్యాయం చూస్తూ, "మేడమ్, ఈ జాతి కంకి పదకొండు ఉండదేమో కదా," అంది నెమ్మదిగా. నొప్పించకూడదని చూసే పిల్ల. పదిహేనుకు పైన ఉంటే ఒక జాతి, లోపల ఉంటే ఇంకో జాతి. ఆ గడ్డిని గుర్తుపట్టే దారే అది. తను నవ్వేసి, ఇంటికొచ్చి నోటు పుస్తకం తీసి చూసుకుంది. నోటు పుస్తకంలో పదిహేడు. తెర మీద పదకొండు. ఇంకా చూసింది. నూట నలభై చోట్ల. అన్నీ ఏడు ఒకటైనవే. ఆ అధ్యాయం నాలుగేళ్ల కిందటిది. అంటే నాలుగేళ్ల కిందటే నా కళ్లు ఏడును ఒకటిగా చూశాయి, లోపల ఎప్పుడో మొదలైంది, నేను నేనుగా ఉన్నాననుకున్న రోజుల్లో కూడా నేను లేను. ఆ రోజు సాయంత్రం ఆమె అలా అనుకుంది. డాక్టర్‌కు చెబితే, కావచ్చు అన్నాడు.

ఆ ఒక్క కావచ్చు మీద ఎన్ని వదిలేసింది. స్కూటర్ తాళం మేకుకు తగిలించి మళ్లీ తియ్యలేదు. అక్క కూతురికి బిడ్డ పుడితే అందరూ ఎత్తుకున్నారు, పిన్నీ ఇదిగో అని ఒళ్లో పెట్టబోతే, చేతులు వెనక్కి పెట్టుకుని, జలుబు చేసిందమ్మా అంది. జలుబు లేదు. ఎత్తుకున్నానని మర్చిపోతానేమోనని భయం. పుస్తకం శిష్యురాలికి ఇచ్చేసింది, నువ్వే సరిచూసి నీ పేరుతో వేసుకో అని. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటే, పని పెరిగిందని ఏడుస్తావా అని జోకు వేసింది. వచ్చే నెల అచ్చుకు వెళ్తోంది. అన్నిటికన్నా ఆ వాక్యం. రెల్లు గురించి తాను రాసిన ఒక వాక్యం, గాలి ఆగిపోయాక కూడా కాసేపు ఊగడం మానని గడ్డి ఇది, అని. రాసినట్టు గుర్తు. నోటు పుస్తకంలో కాదు, నేరుగా తెర మీదే, ఒక వానరోజున, రాసి తనలో తాను మురిసిపోయినట్టు గుర్తు. తిరిగొచ్చాక ఐదో అధ్యాయం అంతా వెతికింది. లేదు. జ్వరంలో కలగన్నానేమో అనుకుని, ఆ వానరోజును కూడా లెక్కలోంచి తీసేసింది. రాసింది. ఇప్పుడు తెలుస్తోంది, రాసింది. నోటు పుస్తకంలో లేనిది ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు. వాక్యం ఉండేది. వాన పడింది. తను మురిసిపోయింది. బల్ల కింద నేల చల్లగా ఉంది, దాని మీద అరచేతులు ఆనించి కూర్చుంది. ఏడుపు రాలేదు, కోపం కూడా ఇంకా రాలేదు. ఎత్తయిన మేడ మీంచి ఎవరో పిలిస్తే ఏ వైపు చూడాలో తెలియనట్టు, ఊరికే చెవులు రిక్కించి కూర్చుంది.

గేటు చప్పుడైంది. సైకిలు స్టాండు వేసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు. ఆయన క్యారేజీ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, బల్ల మీద విప్పి ఉన్న లాప్‌టాప్‌నూ, కింద కూర్చున్న ఆమెనూ, ఒళ్లోని ఆకుపచ్చ అట్టనూ చూశాడు.

"విప్పావా," అన్నాడు.

"మీరే ముందు విప్పించారట కదా."

ఆయన క్యారేజీ కింద పెట్టలేదు. దాన్ని అలాగే పట్టుకుని, గోడకు ఆనుకుని, మెల్లగా ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ముఖం ఇంత వయసు మీరినట్టు ఎప్పుడూ కనిపించలేదు.

"నువ్వు జ్వరం మత్తులో పుస్తకం, పుస్తకం అని గొణుగుతుండేదానివి," అన్నాడు. "ఇంటికొచ్చి దీన్ని తెరిచా, చూసి నీకు ఏదో ఒకటి చెబుదామని. తెర నల్లగా అయిపోయింది. కంపెనీ సర్వీసు సెంటరుకు పట్టుకెళితే వారంటీ ఉంది, ఊరికే మారుస్తాం అన్నారు. ఎంత సంతోషించానో. సంతకం పెట్టేశా. పాతది వాళ్ల దగ్గరే ఉండిపోతుందని, అందులోవి పోతాయని ఇంటికొచ్చాక చదువుకున్నా. మర్నాడు పరిగెత్తుకెళ్లా. పంపేశామన్నారు."

"నాకు చెప్పొచ్చుగా."

"మంచం మీద ఉన్న మనిషికా? మనసుకు చిన్న దెబ్బ కూడా తగలకూడదన్నాడు డాక్టర్. సరే, నువ్వు లేచేలోపు కొట్టేద్దాం, ఉన్నవి నోటు పుస్తకాల్లో ఉన్నాయిగా అనుకున్నా. తర్వాత నువ్వొచ్చి, అన్నీ ఉన్నాయని నవ్వావు. ఇంక నోరు పెగల్లేదు."

"పుస్తకం వదిలేస్తున్నానన్నప్పుడు కూడానా?"

"అలసిపోయావనుకున్నా. నా వల్ల కాదు అన్నావే గాని, ఎందుకో చెప్పావా నువ్వు?"

చెప్పలేదు. అది నిజం. అంకెలు తారుమారవుతున్నాయని డాక్టర్‌కు చెప్పింది, ఈయనకు చెప్పలేదు. భయపడతాడని. బుర్ర చెడిన పెళ్లాంతో మిగిలిన కాలం ఎలా, అని ఆయన కళ్లలో కనిపిస్తే తట్టుకోలేనని. ఆమె నోటు పుస్తకం ఆయన ముందుకు తోసి, ఇరవై రెండో పేజీలో ఆ అంకె కింద వేలు పెట్టింది. చదవండి, అంది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, "పదకొండు," అన్నాడు. మళ్లీ చదవమంది. మళ్లీ పదకొండే అన్నాడు. కాస్త చిరాకు కూడా పడ్డాడు. ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. పైన మూలన తన చేత్తోనే వేసిన పేజీ నంబర్లు. "ఇదెంత?" "పదహారు." తిప్పింది. "ఇది?" "పదకొండు..." అని ఆగిపోయాడు. పదహారో పేజీకి ఒకసారి, ఆ పేజీకి ఒకసారి, పద్దెనిమిదో పేజీకి ఒకసారి తిప్పి చూశాడు. వేలితో ఆ ఏడును తడిమాడు, కాగితం మీది ఉబ్బును తడిమినట్టు. వీధిలో ఎవరో తాళాలు బాగుచేస్తామని అరుచుకుంటూ పోయారు.

"ఇలాంటివి ఎన్ని?" అన్నాడు.

"నూట నలభై. ముందు నుంచే నా మెదడు పాడైందనుకున్నాను."

ఆయన కళ్లజోడు తీసేశాడు. తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. ఎదురుదెబ్బ తగిలిన మనిషి నొప్పి ఎక్కడో తెలియకముందు చూసే చూపు చూశాడు. ఆమె ఆ చూపును చూస్తూ ఉంది. నీ మెదడు బాగానే ఉంది అనే మాట కోసం ఎంతమంది డాక్టర్ల గుమ్మాల్లో నిలబడింది. ఆ మాట ఇవాళ ఈయన చేతుల్లోంచే వచ్చింది. ఇన్ని నెలలు దాన్ని తన దగ్గర నుంచి తీసేసుకున్నవీ ఆ చేతులే. మీద పడి కొట్టాలనిపించింది. ఆ నొక్కున్న వేలిని రెండు చేతులతో పట్టుకోవాలనిపించింది. రెండూ ఒక్కసారే అనిపించి, ఏదీ చెయ్యలేక, "మొదట కొట్టింది ఏ గడ్డి?" అని అడిగింది, అది చాలా అవసరమైన సంగతి అన్నట్టు.

"గరిక," అన్నాడు ఆయన. తర్వాత ఆమె ఊహించనిది జరిగింది. ఆయన నేల వైపు చూస్తూ, పాఠం ఒప్పజెప్పే పిల్లాడిలా, చెప్పుకుంటూ పోయాడు. నేల మీద పాకుతుంది, కణుపు కణుపుకూ వేళ్లు దిగుతాయి, ఆకు కాడ మొదట్లో తెల్లని నూగు, కంకులు చేతివేళ్లలా నాలుగైదు ఒక్కచోటి నుంచే విచ్చుకుంటాయి. గరిక అయ్యాక తుంగ. తుంగ నిజానికి గడ్డి కాదని, కాడ నలిపి చూస్తే మూడు పలకలుగా తగులుతుందని. రెల్లు. ఊద. ఒకదాని తర్వాత ఒకటి, ఆమె మాటల్లోనే, ఆమె విరామాలతోనే. సాయంత్రాలు గట్టు మీద నడిచేటప్పుడు ఆమె ఒక మొక్క దగ్గర ఆగితే, తానూ ఆగి, ఏమీ తెలియనట్టు ఆకాశం వైపు చూసే మనిషి. ప్రతిదాని పేరూ తెలిసి ఉండి, తెలుసని నోరు జారితే ఎలా తెలిసిందో చెప్పాల్సి వస్తుందని, దాదాపు ఏడాదిగా ఆకాశం వైపు చూసినవాడు. ఆమెకు అప్పుడు వచ్చింది ఏడుపు. ఆయన దగ్గరకు జరగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఇప్పుడే కాదు, అంది. సరే, అన్నాడు. ఉన్నచోటే కూర్చున్నాడు.

కాసేపటికి ముఖం తుడుచుకుని, కింద కూర్చునే చెయ్యి చాచి బల్ల మీది ఫోన్ అందుకుంది. శిష్యురాలి నంబరు ఒక్కసారికే సరిగ్గా పడింది. రెండుసార్లు మోగాక ఆ పిల్ల ఎత్తింది. వెనక ఎవరో వంటపాత్రలు కడుగుతున్న చప్పుడు.

"పుస్తకం అచ్చుకు పంపకు," అంది ఆమె. "రేపు నోటు పుస్తకాలు పట్టుకుని మీ ఇంటికొస్తాను. మొదటి పేజీ నుంచి ఇద్దరం కూర్చుని చూద్దాం. పడిపోయిన వాక్యాలు కొన్ని ఉన్నాయి, అవీ పెట్టాలి. నా పేరు పైన ఉంటుంది. పక్కన నీది ఉంటుంది, నువ్వు పడ్డ కష్టం ఎక్కడికీ పోదు."

అవతల పాత్రల చప్పుడు ఆగింది. ఆ పిల్ల ఎక్కడికో పక్కకు నడిచి తలుపు వేసుకున్నట్టుంది. గొంతు తగ్గించి, చాలా జాగ్రత్తగా, గాజు వస్తువు పట్టుకున్నట్టు అడిగింది.

"మేడమ్, ఒంట్లో బాగానే ఉందా?"

ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్న మనిషి వైపు చూసింది.

"బాగానే ఉంది," అంది. "ఇన్నాళ్లూ బాగానే ఉన్నానట."